వేరు కుంపటి, స్వయంపాకము: ఇల్లు వీడు యువజనులకు తెలుగున గల పదములు

ఒకడు వేరుపడినాడని వినగానే తెలుగువానికి మూడు విషయములు స్ఫురించును: వానికి పెండ్లియైనది, ఆస్తి పంపకమైనది, తండ్రీకొడుకులకో అన్నదమ్ములకో మనసు చెడినది. ఇరువదియైదేండ్ల అవివాహిత తలిదండ్రులున్న నగరమందే వేరొక గది అద్దెకు తీసికొని, ఉద్యోగము చేసికొనుచు నివసించుచున్నచో ఆమెను గూర్చి ఈ మాట చెప్పుటకు వీలులేదు. చెప్పదగిన వేరొక క్రియయు తెలుగున స్థిరపడలేదు.

ఈ కొరత ఆంధ్ర తెలంగాణ ప్రాంతములలో కంటె ఢిల్లీలో స్పష్టముగ కనబడును. నగరమునకు నైరుతి దిశయందలి వసంత్ కుంజ్, 1980 దశకము నుండి ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కట్టించిన ఫ్లాట్ల పేట. 1969లో నెలకొన్న జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము దానికి పొరుగు. కిషన్‌గఢ్, మసూద్‌పుర్ అను పాత గ్రామములు దానిని ఆనుకొనియున్నవి. వాని ఇరుకు వీథులలో అంతస్తుపై అంతస్తు లేచిన ఇండ్లలో గదులు అద్దెకు దొరకును. ఇట్టిచోట్ల నివసించు తెలుగు యువజనులు రెండు తెగలవారు. చదువునకో ఉద్యోగమునకో స్వస్థలము నుండి వచ్చినవారు మొదటి తెగ. వీరికి భాషలో చిక్కు లేదు. తలిదండ్రులున్న చోటు వీరికి 'ఊరు'. పండుగకు ఊరికి పోయి వత్తురు. కేంద్రప్రభుత్వోద్యోగులుగా వచ్చి ఢిల్లీలో స్థిరపడినవారి సంతానము రెండవ తెగ. తలిదండ్రులు జనక్‌పురిలో నుండగా కుమార్తె వసంత్ కుంజ్‌లో గది తీసికొన్నచో, ఆమె 'ఊరు' ఏది? దూరము కారణముగ చెప్పుటకు లేదు గనుక బంధువులు వేరొక కారణమును వెదకుదురు. భాషలో పేరు లేని పనికి లోకము తగవును కారణముగ కల్పించును.

ఆ విశ్వవిద్యాలయమందే కొరియా భాష బోధింపబడుచున్నది. తెలుగున లేని ఈ పదమునకు కొరియా భాషలో సరియైన పదమొకటి కలదు: 'జాచ్వి'. అవివాహితులగు విద్యార్థులు, ఉద్యోగులు ఇల్లు వీడి గది తీసికొని యుండుటకు ఇది సామాన్య నామము. చీనా లిపిసంకేతములను బట్టి దీని అర్థము 'తానే వండుకొనుట'. అనగా అక్షరాల స్వయంపాకము. అట్టి గది 'జాచ్విబాంగ్'. అందుండు విద్యార్థి 'జాచ్విసెంగ్'. ఇతరుల ఇంట భోజనవసతులకు డబ్బిచ్చి యుండుట 'హాసుక్'. మన పూటకూళ్ల ఇల్లు దీనికి సమీపము. గురజాడ గిరీశము పూటకూళ్లమ్మ యింట చేసిన ఘనకార్యములు 'కన్యాశుల్కము' చదివినవారికి గుర్తుండును గనుక, ఆ మాటకు తెలుగున కొంత అపకీర్తియు అంటుకొన్నది.

స్వయంపాకము తెలుగున లేని మాట కాదు. పూర్వము పరస్థలమున చదువుకొను విద్యార్థికి మూడు దారులుండెడివి: వారములు చెప్పుకొని రోజునకొక ఇంట భుజించుట, మధూకరమెత్తుట, స్వయంపాకము చేసికొనుట. మొదటి రెండును దాతృగృహములతో పాటు అంతరించినవి. మూడవది పని మిగిలి, పేరు మారినది. నేడు స్వయంపాకమనగా బ్రాహ్మణునకు దానమిచ్చు బియ్యము, పప్పు, కూరగాయలు మాత్రమే. కొరియాలో విద్యార్థి గదికి నిలిచిన మాట తెలుగున ఏకాదశి దానమునకు తరలిపోయినది. ఇది కేవలము అర్థసంకోచమని వ్రాసికొని ఊరకుండదగినది కాదు. వంటయే కుటుంబమునకు హద్దు అను భావన రెండు భాషలకును సమానము. కొరియాలో కుటుంబసభ్యునకు 'శిక్కు' అని పేరు; 'తిను నోరు' అని దాని అర్థము. బృహస్పతి స్మృతి ప్రకారము ఒకే పాకముతో వసించువారికి పితృదేవతార్చన యొక్కటే. విభక్తులకు ఇంటింట వేరు. 13వ శతాబ్దమున కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను తెనిగించుటతో విభాగ ధర్మములు పద్యములలోనికి వచ్చినవి. నేటి భారత జనగణన సైతము గృహమును ఉమ్మడి వంటను బట్టియే నిర్వచించుచున్నది.

ఇట్లుండగా, తెలుగున కుంపటి వేరగుట విరోధ సూచకమైనది. 'వేరు కుంపటి' నేడు ఇండ్లకంటె రాజకీయపక్షముల చీలికకే ఎక్కువగ వాడబడుచున్నది. అన్నదమ్ముల విభాగమును చెప్పుటకు పుట్టిన మాట, ఒంటరిగ బియ్యము కడుగుకొను పిల్లకు పనికిరాదు.

కొరియా కుటుంబము పిల్లలను సులువుగ విడిచిపెట్టునని దీనినిబట్టి తలపరాదు. అచ్చట ఇల్లు వీడుటను 'తోంగ్నిప్' అనియు అందురు. దేశస్వాతంత్ర్యమునకును అదే మాట. అంత పెద్ద మాట అవసరమగుటయే ఆ పని కష్టమునకు సాక్ష్యము. వయసు వచ్చియు తలిదండ్రుల ఇంటనే యున్నవారిని కంగారూ తెగయని పరిహసింతురు. గది దొరకుటయు కష్టమే. 'చొన్సె' యను పద్ధతిలో నెలసరి అద్దె బదులు పెద్ద మొత్తమును యజమానివద్ద ఉంచి, విడుచునపుడు తిరిగి పుచ్చుకొందురు. రాయలసీమవారు, బెంగుళూరు తెలుగువారు ఎరిగిన 'భోగ్యము' వంటిదే ఇది. ఆ మొత్తము సాధారణముగ తలిదండ్రులే సమకూర్పవలసియుండును. స్వాతంత్ర్యమునకు పెట్టుబడి తండ్రిది. అయినను కొరియా కుటుంబములలో ఏకవ్యక్తి గృహములు 2000లో నూటికి 15.5 కాగా, 2023లో 35.5. వీనిలో వృద్ధులును కలరు గనుక అంతయు యువజనుల లెక్క కాదు.

శాసనమును చూచినచో రెండు దేశములును ఒకే సంవత్సరమున మలుపు తిరిగినవి. కుటుంబమునకు పురుషుని కర్తగా నిలిపిన 'హోజు' పద్ధతి చెల్లదని 2005లో కొరియా రాజ్యాంగ న్యాయస్థానము తీర్పు చెప్పగా, 2008 జనవరి 1 నుండి అది తొలగిపోయినది. భారతదేశమున 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము కుమార్తెను పుట్టుకతోనే సమాంశభాగిని చేసినది. ఆంధ్రప్రదేశ్ ఈ విషయమున ముందే నడచినది; 1986 నాటి రాష్ట్ర సవరణ, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, అవివాహిత కుమార్తెకు ఆ హక్కు నిచ్చినది. కావున తెలుగు కుమార్తె తండ్రిని ఆస్తిలో భాగమడుగవచ్చును. ఆ పనికి శాస్త్రసిద్ధమైన పదము కలదు. భాగమడుగక, తగవులేక, ఒక గది తీసికొనుటకు మాత్రము పదము లేదు.

స్త్రీ విషయమున ఈ చిక్కు ఇంకను లోతైనది. తెలుగున స్త్రీకి పుట్టిల్లు, అత్తిల్లు అని రెండే ఇండ్లు. కొరియాలో వీనికి సరిగా 'చిన్‌జొంగ్', 'శిదేక్' కలవు. ఇల్లు వీడుటకు ఆమెకు కలిగిన క్రియ 'కాపురమునకు పోవుట' యొక్కటే. కాని కొరియాలో బయట నుండువారు, స్త్రీలైనను పురుషులైనను, తలిదండ్రుల ఇంటిని 'పోన్‌గ', అనగా మూలగృహము, అందురు. పెండ్లి ప్రసక్తి దానిలో లేదు.

ఇచ్చట వ్యవహారము తనకు తోచిన మాటలను చేర్చుకొనుచున్నది. హైదరాబాదులో డబ్బిచ్చి యుండు వసతిగృహము, అందున్నవారు విద్యార్థులు కాకున్నను, 'హాస్టల్'. ఢిల్లీలోను బెంగుళూరులోను 'పీజీ'. డబ్బిచ్చు అతిథి యను అర్థము ఆతిథ్యధర్మమునకు విరుద్ధమైనను ఎవరును పట్టించుకొనుట లేదు. ఢిల్లీలో మేడమీది ఒంటిగది 'బర్సాతీ'. హైదరాబాదు అద్దె పలకలపై 'బ్యాచిలర్' అను మాట స్త్రీలకును చెల్లుచున్నది. వసంత్ కుంజ్ తెలుగు తల్లి ఫోనులో బంధువులతో, కుమార్తె ఆఫీసు దగ్గరలో హాస్టలులో నున్నదని చెప్పును. హాస్టలనగా ఎవరో కాపున్నారను ధీమా ఆ మాటలో కలదు. కుమార్తె మాత్రము 'రూము' అనును. ఆ రూమునకు రెండు గదులు, వంటయిల్లు, గ్యాసుపొయ్యి ఉన్నను అది రూమే. ఆదివారము జనక్‌పురికి బయలుదేరునపుడు ఆమె 'ఇంటికి పోతున్నాను' అనును.