అవధాన సభయు అంతర్జాల వేదికయు

తిరుపతి వేంకటకవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) సంస్థానములందును పట్టణములందును జరిపిన సభలవలన అవధానము ప్రజలకు చేరువయ్యెను. 2020లో కోవిడ్ వ్యాధివలన సభలు నిలిచిపోగా, అవధానులు కొందరు అంతర్జాల దృశ్యసమావేశముల నాశ్రయించిరి. సభలు మరల మొదలైనను ఆ పద్ధతి అంతరింపలేదు. కావున అవధానాంగములలో ఏది ఏ వేదికకు తగునో విచారింపవలసియున్నది.

అష్టావధానమున పృచ్ఛకులు ఎనమండుగురు. పద్యముల నడుగువారికి అవధాని ఆవృత్తికొక పాదము చొప్పున చెప్పుచు, తుదకు అన్నింటిని వ్రాతసాయము లేక ధారణ చేయును. వీనిలో సమస్య, దత్తపది, వర్ణన అనునవి ఒకమారు ప్రశ్న, పిదప సమాధానము అను క్రమమున నడచును. వీనికి దూరము బాధకము కాదు. ఆకాశవాణి సమస్యాపూరణ కార్యక్రమములకు శ్రోతలు తపాలాలో పూరణలు పంపుట ఇందుకు పూర్వోదాహరణము.

నిషిద్ధాక్షరి అట్టిది కాదు. అవధాని ఒక అక్షరము పలుకగనే, పృచ్ఛకుడు తరువాత రాగల అక్షరము నూహించి నిషేధించును. సంభాషణమునకు ఒక దిశలో 150 మిల్లీసెకనులకు మించని ఆలస్యము మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము సూచించినది. సంధానము బలహీనమైనచో ఆలస్యము ఇంతకు మించును. అక్షరమక్షరమునకు కలుగు ఈ విరామము అవధానికి అదనపు వ్యవధి నిచ్చును. అప్పుడు అతని వేగమును సభావధాని వేగముతో పోల్చుట న్యాయము కాదు.

అప్రస్తుత ప్రసంగమునకు వేరొక చిక్కు కలదు. అవధాని ఏకాగ్రతకు భంగము కలిగించుటయే దాని పని. దృశ్యసమావేశమున ఇరువురు ఒక్కసారి మాటాడిన ఒకరి స్వరము అణగిపోవచ్చును. వంతు వచ్చువరకు వేచియున్న పృచ్ఛకుడు భంగము కలిగింపజాలడు. ఘంటాగణనమున గంట నాదమును సైతము యంత్రము అనవసర ధ్వనిగా నెంచి తొలగింపవచ్చును. ఇక ధారణకు సాక్షి సభయే. అవధాని యెదుట కాగితము లేదని వందలాది కన్నులు చూచుచుండును. తెరపై ముఖము మాత్రమే కానవచ్చును. ప్రేక్షకుడు నమ్మకముపైననే ఆధారపడవలెను.

ఐనను అంతర్జాలమును త్రోసిపుచ్చరాదు. తెలుగునాటికి వెలుపలి విశ్వవిద్యాలయములలో ఎనమండుగురు సమర్థులైన పృచ్ఛకులను ఒకచోట చేర్చుట కష్టము. ఇతర భాషా పండితులకు అవధానమును పరిచయము చేయుటకును, విద్యార్థులు ఒక పూరణమును మరల మరల విని పరిశీలించుటకును అంతర్జాల ముద్రణములు మిక్కిలి ఉపకరించును. అయితే పృచ్ఛకత్వము కూడ ఒక విద్య. అది పెద్దల ప్రక్కన కూర్చుండి, ఏ క్షణమున ఏమి అడుగవలెనో చూచి నేర్వదగినది. సభలు తగ్గినచో మొదట కొరవడునది అవధాని కాదు, పృచ్ఛకుడు.

కాబట్టి సమస్య, దత్తపది, వర్ణనలను అంతర్జాలమున ఏడాది పొడవున అభ్యసింపజేసి, నిషిద్ధాక్షరి, అప్రస్తుత ప్రసంగము, ఘంటాగణనములతో కూడిన పూర్ణావధానమును ఏటేట ఒకమారైనను సభలో నిర్వహించుట మన శాఖలకు ఆచరణయోగ్యమైన మార్గము. అంతర్జాల అవధానమును ముద్రించునపుడు ఏ అంగములను విడిచిరో, ధారణ నెట్లు పరిశీలించిరో తెలుపుట భావి పరిశోధకులకు అవసరము.