ఖల్లారి శాసనంలో రెండు వంశాలు

రాయపూరుకు ఆగ్నేయంగా, నేటి మహాసముంద్ జిల్లాలో ఖల్లారి అనే గ్రామమున్నది. కొండపైన ఖల్లారి మాత గుడి, దిగువన నారాయణాలయం యాత్రికులకు దర్శనీయాలు. పూర్వనామం ఖల్వాటిక. రతనపూరు కలచురుల నుండి చీలిన రాయపూరు శాఖకు ఇది ఒకప్పుడు రాజధాని. కలచురులు హైహయ వంశీయులు. తెలుగునాట పలనాటి ప్రభువులు కూడ తాము ఆ వంశం వారమనే చెప్పుకొన్నారు.

క్రీ.శ. 1415 నాటి ఇచ్చటి సంస్కృత శిలాశాసనం ముందుగా రాజులను స్తుతించినది. శత్రువుల పదునెనిమిది కోటలను జయించిన వీరుడు సింహణుడు. అతని కుమారుడు రామచంద్రుడు. మనుమడు నాటి పాలకుడైన హరిబ్రహ్మదేవుడు.

అయితే శాసనానికి అసలు నాయకుడు వేరు. నారాయణాలయాన్ని కట్టించినవాడు దేవపాలుడు. అతడు చెప్పులు కుట్టే వృత్తివాడు. తండ్రి శివదాసు, తాత జసౌ పేర్లు కూడ ఆ శిలపైననే నిలిచినవి. ఏలినవారికి మూడు తరాలు, శ్రమించినవారికి మూడు తరాలు!

18వ శతాబ్దిలో మరాఠాల విజయంతో కలచురుల పాలన అంతరించినది. దేవపాలుని ఆలయం నిలిచియున్నది. కులాన్ని బట్టి గుడి వాకిలి మూయడమే మన ప్రాచీన సంప్రదాయమని వాదించేవారికి ఆ శిల ఆరు వందల ఏండ్లుగా సమాధానం చెప్పుచున్నది.