ఎండకు మసకబారే చూపు

రోహిణి కార్తెలో గన్నవరంలో ఎండ 45 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి. అప్పుడు పొలం నుంచి వచ్చినవారికి కళ్లు తిరగడం వింతేమీ కాదు. కాని ఒకరికి ఒక్క కంటి చూపు మాత్రమే మసకబారి, నీడపట్టున కూర్చోగానే మామూలైతే? దాన్నీ వడదెబ్బ అనవచ్చునా?

ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లో ఇలాంటి రోగులను వర్ణించాడు. శ్రమపడగానే వారి చూపు తగ్గేది. శ్రమే కారణమని ఆయన అనుకున్నాడు. ఒళ్లు వేడెక్కడం అసలు కారణమని తరువాత తేలింది. వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్.

కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్లే మన నాడీతంతువులు చాలావాటికి మయలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. అది ఉన్న లావు తంతువుల్లో వార్త సెకనుకు 100 మీటర్ల దాకా పరుగెత్తుతుంది. లేని సన్నవాటిలో సుమారు 1 మీటరే. ఈ వ్యాధిలో రోగనిరోధక కణాలే మెదడు, వెన్నుపాము, దృక్ నాడులలోని తొడుగును పాడుచేస్తాయి. తొడుగు పోయినచోట వార్త ఎలాగో దాటుతుంది. కాని వేడికి ఒక్కొక్క విద్యుత్ స్పందన మరీ త్వరగా ముగిసి, ఆ భాగాన్ని దాటే బలం చాలదు. ఇందుకు అర డిగ్రీ పెరిగినా చాలు! చల్లబడితే సర్దుకుంటుంది, అది కొత్త గాయం కాదు. ఒకప్పుడు వైద్యులు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి పరీక్షించేవారు. ఎం.ఆర్.ఐ. వచ్చాక ఆ అవస్థ తప్పింది.

కొత్త దాడి అయితే లక్షణాలు 24 గంటలకు మించి, రోజులు, వారాలు ఉంటాయి. కన్ను కదిపితే నొప్పి, ఎర్రని మిరపపండు ఆ కంటికి వెలిసినట్లు కనబడడం, ఒక కాలో చెయ్యో మొద్దుబారడం, మెడ వంచితే వెన్ను వెంట షాక్ కొట్టినట్లుండడం, నడకలో తూలడం. ఎక్కువగా 20-40 ఏళ్లవారికి, అందులోనూ స్త్రీలకు వస్తుంది. చిక్కేమిటంటే, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. "తగ్గిందిగా" అని ఊరుకుంటారు. నెలలు గడిచాక మరోచోట బయటపడుతుంది. ఈలోగా ఆ మనిషిని సోమరి అనేవారూ ఉంటారు.

బాసింపట్టు వేసుకు కూర్చుంటే మీ కాలు తిమ్మిరెక్కుతుంది కదా, అది నిమిషాల్లో పోతుంది. దానికి బెంగపడకండి. బి12 విటమిన్ లోపంలోనూ తిమ్మిర్లుంటాయి కనుక, వ్యాధికి పేరు పెట్టే పని వైద్యునిదే.

గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది కనుక ఒక ముచ్చట. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ కూడా మయలిన్‌ను పాడుచేస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు దానినీ శ్రద్ధగా పరిశీలిస్తారు. మనుషుల వ్యాధి మాత్రం ఒకరి నుంచి ఒకరికి అంటదు.

దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. దాడులను తగ్గించే మందులున్నాయి. తొందరగా మొదలుపెడితే మేలు ఎక్కువ. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ ఒకటి. మీ ఇంట్లో అక్కకో పిన్నికో ఒక కంటి చూపు ఒక రోజుకు మించి మసకగా ఉంటే, తగ్గేదాకా ఆగక కంటి వైద్యునికి చూపించమనండి. అవసరమైతే ఆయనే నాడీవైద్యుని దగ్గరకు పంపుతారు.