చెట్టుకూ రాత్రి కావాలి
(విజ్ఞాన వ్యాసం)

చెట్టు పగలు ఏం చేస్తుందో పాఠంలో చదివాం. సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటుంది. మరి రాత్రి దానికి ఏం పని? ఇప్పుడు తెలుసుకుందాం.

నేను చూసినవి: సంక్రాంతి సెలవుల్లో నార్సింగికి పోయాను. మా అన్న అక్కడ బిల్డింగు పని చేస్తాడు. పగలు నన్ను కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు తీసుకుపోయాడు. దానికి మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టారు. 270 ఎకరాలకు పైనే ఉంటుంది. చుట్టూ అద్దాల మేడలు, నడుమ చెట్లు. చీకటి పడ్డాక దుర్గం చెరువు మీద 2020లో ప్రారంభించిన తీగల వంతెన చూశాం. దాని రంగులు నీళ్లలో కూడా కనపడ్డాయి. నార్సింగిలో ఒక అపార్టుమెంటు ముందు చెట్లకు మొదలు నుంచి కొమ్మల దాకా లైట్లు చుట్టారు. కొత్త సంవత్సరానికి కట్టినవట. చాలా అందంగా ఉన్నాయి. లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో అయితే 2013 నుంచి క్రిస్మస్ రోజుల్లో ఇలాంటి దీపాల ప్రదర్శనే పెడుతున్నారు.

ఎలా వెలుగుతాయి? వీటిని మనం సీరియల్ లైట్లు అంటాం. బల్బులను ఒకదాని వెనుక ఒకటి కలపడాన్ని శ్రేణి సంధానం అంటారు. ఆ పేరు దాన్నుంచే వచ్చింది. క్రిస్మస్ చెట్టుకు మొదటిసారి కరెంటు బల్బులు కట్టింది ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్. అది 1882లో, న్యూయార్క్‌లో. మొత్తం 80 బల్బులు. పాత బల్బులో సన్నని తీగ కాగి వెలుగుతుంది. కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. ఇప్పటి ఎల్‌ఈడీకి తీగ లేదు, కరెంటు చాలా తక్కువ చాలు. నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది.

చెట్టుకు చీకటి ఎందుకు? మొక్కలు పగలు ఎంతసేపు, రాత్రి ఎంతసేపు అని లెక్క పెట్టుకుంటాయి. దాన్నిబట్టే చాలా మొక్కలు పూస్తాయి. ఈ సంగతిని 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనేవారు ప్రకటించారు. చామంతికి పొడుగు రాత్రులు కావాలి. అందుకే పూలు ఆలస్యంగా రావాలనుకున్న రైతులు చామంతి తోటలో రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. మొక్క రాత్రి చిన్నదైందని అనుకుని పూయడం ఆపుతుంది.

మన ఇప్పచెట్టును చూడండి. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది, తెల్లారేసరికి రాలుతుంది. మా అమ్మ బడికి పోలేదు, కానీ కోడి కూయకముందే గంప పట్టుకుని చెట్టు కిందికి పోతుంది. ఆ పూలకు రాత్రి గబ్బిలాలు వస్తాయి. పుప్పొడి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చేరవేస్తాయి. ఎక్కువ వెలుగున్న చోటికి కొన్ని రకాల గబ్బిలాలు రావు. మిణుగురు పురుగులు కూడా వెలుగుతోనే మాట్లాడుకుంటాయి. మగది మెరిస్తే ఆడది బదులు మెరుస్తుంది. పక్కన పెద్ద లైటుంటే ఆ మెరుపు కనపడదు.

మరి లైట్లు వద్దా? అలా అనడం లేదు. కరెంటు పోతే మన గూడేల్లో ఎంత కష్టమో మనకు తెలుసు. మన హాస్టల్లో బాత్రూంల దారిలో లైటు ఉండి తీరాలి. పాములు, తేళ్లు తిరుగుతాయి, చిన్న పిల్లలు భయపడతారు. కానీ ఆ లైటు సగం వెలుగు పక్కనున్న వేపచెట్టు మీదికే పోతోంది. పైన రేకు డొప్ప పెడితే వెలుగంతా దారి మీదే పడుతుంది. మనకు దారి ఇంకా బాగా కనపడుతుంది, చెట్టుకు చీకటి దొరుకుతుంది. వార్డెన్ మేడంగారు దయచేసి ఆలోచించాలి. పండుగకు చెట్లకు లైట్లు కట్టినా పడుకునే ముందు తీసేద్దాం.

ఆలోచించి చెప్పండి:
1. సీరియల్ సెట్టులో ఒక బల్బు పోతే మిగతావి ఎందుకు ఆరిపోతాయి?
2. మీ ఊళ్లో రాత్రి పూసే పూలు ఏవి? పేర్లు ఈ కాగితం కింద రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని