వెయ్యి లీటర్ల నీళ్లు, ఇరవై చేపపిల్లలు

ఏళ్ల తరబడి చదివించిన ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో పదార్థం మొదటి పాఠం, చేపల పెంపకం చివరి పాఠంలో ఒక భాగం. మధ్యలో ఏడాది గడిచిపోయేసరికి ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉందని పిల్లలకు తోచదు. హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంటు ఆవరణలోనైనా ఒక తొట్టి పెట్టి చూపిస్తే ఆ సంబంధం తెలుస్తుంది. చేపను పెంచడమంటే ముందు నీటిలో కరిగిన గాలిని కాపాడటం.

1. చోటు: వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. మేడ మీద వద్దు, నేల మీదే పెట్టండి. గాలి నీటిలోకి దిగేది ఎక్కువగా పైపొర నుంచే కాబట్టి ఎత్తు ట్యాంకు కన్నా వెడల్పాటి తొట్టి మేలు. పైన గ్రీన్ నెట్ కట్టాలి. ఎందుకంటే నీళ్లు వేడెక్కే కొద్దీ వాయువు నిలవదు. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. అదే లీటరు గాలిలో దాదాపు 270 ఉంటుంది. చేప బతికేది నీటిలోని ఆ కొద్దిపాటి వాటాతోనే.

2. నీళ్లు: నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పలను కాల్చేస్తుంది. మూత లేకుండా, ఏరేటర్ ఆడిస్తూ ఒకటి రెండు రోజులు ఉంచితే ఆ వాయువు పోతుంది. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి ఎత్తు నుంచి ధారగా పడనివ్వాలి. దగ్గరే కదా అని దుర్గం చెరువు నీళ్లు తేవద్దు, అందులో మురుగు కలుస్తుంది.

3. గాలి: ముందు గాజు గ్లాసులో ఒక్క పొటాషియం పర్మాంగనేట్ పలుకు వేసి పిల్లలకు చూపించండి. కలపకపోయినా రంగు పాకుతుంది, కానీ నిదానంగా. ఆక్సిజన్ కణాలూ అంతే నిదానం. ఏరేటర్ బుడగలు నీటిని కలియబెట్టి ఆ పనిని తొందర చేస్తాయి.

4. చేపపిల్లలు: ఒకప్పుడు నదుల్లో పట్టిన చేపపిల్లల్లో పనికిరానివీ కలిసి వచ్చేవి. 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించాక మేలైన పిల్లలు హేచరీల్లోనే దొరకడం మొదలైంది. పది గ్రాముల రోహు పిల్లలు ఇరవై చాలు. తెచ్చిన కవరును విప్పకుండా పావుగంట తొట్టిలో తేలనిస్తే లోపలి వేడి, బయటి వేడి సమమవుతాయి. తర్వాత తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా కవరులోకి కలిపి వదలాలి.

5. మేత: ఒంటి బరువులో మూడు శాతం. ఇరవై పిల్లలకు రోజుకు ఆరు గ్రాములు, రెండు పూటలా. మిగిలిన మేత కుళ్లుతూ ఆక్సిజన్ తినేస్తుంది, అమ్మోనియా పెంచుతుంది. అందుకే వారానికోసారి అడుగున పేరుకున్నదాన్ని సన్నటి గొట్టంతో లాగేసి, రెండు వందల లీటర్లు మార్చాలి. కొత్త నీటికీ క్లోరిన్ నియమం తప్పదు.

6. కాపలా: తెల్లవారుజామున చూడండి. రాత్రంతా చేపలూ నాచూ పీల్చేయడంతో ఆక్సిజన్ బాగా తగ్గిపోయే వేళ అది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆ పూట మేత ఆపి, ఏరేటర్ పెంచండి.

కిలో చేప ఈ తొట్టిలో తయారవదు, దానికి చెరువు కావాలి. కొల్లేరు చుట్టుపక్కల రైతులు పైపొరలో మేసే బొచ్చెను, మధ్యలో తిరిగే రోహును ఒకే చెరువులో పెంచుతారు. వాళ్లలో కొందరు రాత్రుళ్లు ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో, తొట్టిలో చేపలు పెంచిన పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.