వెలిగే కణాలు, జారిపోయే గీతలు

మెల్‌బోర్న్‌లో ఒక పరిశోధనశాలకి కొన్నాళ్ళు ప్రోగ్రాములు రాసిపెట్టాను. వాళ్ళ యంత్రం ఇచ్చే ఫైల్లో కణానికో వరస, రంగుకో గడి. “ఇంతేనా, మన టేబులే కదా!” అనుకుని, ఫలానా అంకె దాటిన వరసలన్నీ ఏరే కోడు రాసేశాను. మర్నాడు అలాంటి నమూనాలోనే సగం కణాలు మాయం. డిటెక్టర్ వోల్టేజి మార్చారట!

ఇంతకీ ఆ అంకె ఏమిటి? కణాలు చుట్టూ ఉన్న పదార్థాన్ని పట్టుకుని ఉండటానికి వాటి పైపొరలో కొన్ని ప్రొటీన్లుంటాయి. బీటా-1 ఇంటెగ్రిన్ అలాంటిదే. దీనికే సీడీ29 అని పేరు. దానికి మాత్రమే అతుక్కునే యాంటీబాడీకి ముందే ఒక రంగు తగిలిస్తారు. కణాలని సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటి పంపి, 488 నానోమీటర్ల నీలి లేజర్ కొడితే, ఎఫ్‌ఐటీసీ అనే రంగు ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎంత వెలిగిందన్నదే ఆ గడిలోని అంకె. యాంటీబాడీకి రంగు తగిలించే పద్ధతి 1940లలో ఆల్బర్ట్ కూన్స్ మొదలుపెట్టినది. ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి 1975లో కోలర్, మిల్‌స్టీన్ చూపించారు.

ఈ ఊళ్ళోనే, వాల్టర్ అండ్ ఎలైజా హాల్ ఇన్‌స్టిట్యూట్‌లో జేన్ విస్వాడర్, జెఫ్ లిండమన్ బృందం 2006లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పని దీనికి మంచి ఉదాహరణ. ఎలుక రొమ్ములోని మూలకణాలని పట్టుకోవాలి. రక్తకణాల వంటివి ముందే తీసేసి, మిగిలినవాటికి సీడీ24, సీడీ29 గుర్తులు పెట్టారు. చిక్కేమిటంటే సీడీ29 దాదాపు అన్ని కణాల మీదా ఉంటుంది. కాబట్టి ఉందా లేదా అని అడిగితే చాలదు, ఎంత ఉందని అడగాలి. అది ఎక్కువగా ఉండి, సీడీ24 కూడా ఉన్న గుంపులో మూలకణాలు దొరికాయి.

వెలిగినంత మాత్రాన మూలకణమని వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ గుంపులోంచి ఒకే ఒక్క కణాన్ని, సొంత గ్రంథి తీసేసిన ఎలుక కొవ్వులో పెట్టారు. అక్కడ పూర్తి గ్రంథి పెరిగింది. ఆ ఎలుక కడుపుతో ఉన్నప్పుడు పాలు తయారుచేసే అరలు కూడా ఏర్పడ్డాయి! (ఆ వ్యాస రచయితల్లో గోర్డన్ స్మిత్ ఒకరు. ఆర్ భాషలో లిమ్మా ప్యాకేజీ వాడినవాళ్ళకి ఈ పేరు పరిచయమే.)

ఇక మనకి నచ్చే భాగం. ఎఫ్‌ఐటీసీ ఆకుపచ్చ వెలుగు కొంత, పక్కనున్న పీఈ అనే రంగు కిటికీలోకి ఒలుకుతుంది. ఒక్కొక్క రంగు మాత్రమే వేసిన గొట్టాలు విడిగా నడిపి, ఎంత ఒలికిందో కొలిచి, ఆ మాత్రికని విలోమం చేస్తే అసలు విలువలొస్తాయి. కాలేజీలో చదివిన లీనియర్ ఆల్జీబ్రానే!

నా కోడులో ఆ అంకె పీకేశాను. ఒక రంగు తప్ప మిగతావన్నీ వేసిన గొట్టాన్ని ఏ రోజుకారోజు చదివి, ఆ రంగుకి గీత గీసేలా మార్చాను. అయితే ఆ గొట్టం వెలుగు ఉందో లేదో చెబుతుంది కానీ, సీడీ29 ‘ఎక్కువ’ ఎక్కడ మొదలవుతుందో చెప్పదు. ఆ గీత మాత్రం అదే నమూనాలోని మిగతా గుంపులని చూసుకుని ల్యాబ్ వాళ్ళే మౌసుతో గీసేవారు.