గాలపు కర్రలో ఫిజిక్స్: బాస్ చేపకు రాడ్, లైన్ ఎలా ఎంచుకోవాలి?



"మా అన్నయ్యగారబ్బాయి అమెరికాలో స్కూల్ తరఫున చేపలు పడతాడట సార్, అది కూడా ఒక గేమేనా?" అని పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి నవ్వుతూ అడిగారు. గేమేనండీ. ఇల్లినాయ్ రాష్ట్రంలో 2009 నుంచి హైస్కూళ్ల మధ్య బాస్ ఫిషింగ్ రాష్ట్రస్థాయి పోటీలు జరుగుతున్నాయి. 2013లో కెంటకీ కూడా మొదలుపెట్టింది. టెక్సాస్‌లో ఇద్దరు పిల్లలు ఒక జట్టుగా, పెద్దవాళ్లు ఒకరు పడవ నడుపుతూ పాల్గొంటారు. మన పిల్లల అన్నలు, అక్కలు, బావలు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ నెల పాఠానికి ఇదే తీసుకున్నాను. ఇందులో మన తొమ్మిది, పది తరగతుల ఫిజిక్స్ ఎంత ఉందో నాకు కూడా పోయిన వేసవి సెలవుల్లోనే తెలిసింది.

మా అక్కావాళ్లు డల్లాస్ దగ్గర ఉంటారు. మేనల్లుడికి 15 ఏళ్లు, స్కూల్ బాస్ టీమ్‌లో చేరాడు. నేను వెళ్లేసరికి ఇంట్లో వాతావరణం బాగాలేదు. మా బావగారు షాపులో "అన్నిటికన్నా గట్టిది ఇవ్వండి" అని అడిగి ఖరీదైన రాడ్, దానికి తగ్గ రీల్, 50 పౌండ్ల బ్రెయిడ్ లైన్ కొనిచ్చారు. వాడు ఆ ఒక్క రాడ్‌తోనే అన్ని లూర్లూ వేస్తున్నాడు. నేను చూస్తుండగానే లూయిస్‌విల్ లేక్‌లో ఒకే ఉదయం మూడు చేపలు పడవ దాకా వచ్చి, తల విదిలించి వదిలించుకుపోయాయి. "మామయ్యా, నాకు చేతకాదు, టీమ్ వదిలేస్తాను" అన్నాడు. "అంత డబ్బు పోసి కొన్నాక చేతకాదంటే ఎలారా" అని బావగారు. తప్పు ఇద్దరిదీ కాదని, అసలు తప్పు జతకలపడంలో ఉందని అర్థం కావడానికి మాకు రెండు రోజులు పట్టింది.

ముందు చేప సంగతి. వాళ్లు వెంటపడేది లార్జ్‌మౌత్ బాస్. ఉత్తర అమెరికా మంచినీటి చేప, పేరుకు తగ్గట్టు పెద్ద నోరు. మన పండుగప్పను సీ బాస్ అంటారు కానీ దీనికీ దానికీ చుట్టరికం లేదు. వేటాడే తీరులో మన కొర్రమీను దీనికి దగ్గర: నాచు కింద పొంచి ఉండి, కప్ప కదిలితే ఒక్క ఉదుటున మింగుతుంది. ప్రపంచ రికార్డు 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన చేపది, 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలకు పైమాటే. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాదాపు అంతే బరువున్న చేపను పట్టి ఆ రికార్డును సమం చేశారు. మామూలుగా పిల్లలకు పడేవి కిలో, కిలోన్నర ఉంటాయి. బతికున్న ఎర కాకుండా లూర్, అంటే చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన బొమ్మ ఎర వాడతారు. ఎర బొమ్మ కాబట్టి దానికి ప్రాణం పోయాల్సింది రాడ్, లైనే.

రాడ్ మీద రాసి ఉన్నది చదవండి

రీల్‌కి కాస్త పైన, రాడ్ మీదే చిన్న అక్షరాల్లో అంతా రాసి ఉంటుంది. ఉదాహరణకు: 7 అడుగులు, మీడియం హెవీ, ఫాస్ట్, లైన్ 12 నుంచి 20 పౌండ్లు, లూర్ 3/8 నుంచి 1 ఔన్సు. ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు కాబట్టి ఈ రాడ్ 10 గ్రాముల నుంచి 28 గ్రాముల లూర్ విసరడానికి చేసింది. అయిదు గ్రాముల లూర్ కడితే రాడ్ వంగదు. విల్లు వంగకపోతే బాణం ఎంత దూరం పోతుంది? రాడ్ కూడా అంతే: లూర్ బరువుకు వెనక్కి వంగి, నిల్వచేసుకున్న శక్తిని తిరిగి ఇస్తుంది. షాపుల్లో గట్టిదనం చూసి కొనేవాళ్లే ఎక్కువ గానీ, నన్నడిగితే ముందు చూడాల్సింది ఈ లూర్ బరువు అంకె.

మీడియం, మీడియం హెవీ, హెవీ అనేవి పవర్. రాడ్‌ని వంచడానికి ఎంత బలం కావాలో చెబుతాయి. ఫాస్ట్, మోడరేట్ అనేవి యాక్షన్. రాడ్ ఎక్కడ వంగుతుందో చెబుతాయి. ఫాస్ట్ అయితే కొస మాత్రమే వంగుతుంది, మోడరేట్ అయితే దాదాపు సగం దాకా వంగుతుంది. ఈ రెండూ వేర్వేరు అని మా బావగారికే కాదు, నాకూ అప్పటిదాకా తెలియదు.

పొడవు విషయంలో ఒక్క మాట. రాడ్ ఒక లీవర్. మన చేతులు ఒక చివర దగ్గర దగ్గరగా ఉంటాయి, చేప అవతలి చివర ఏడడుగుల దూరంలో లాగుతుంది. అంటే లాభం చేపది! పొడుగు రాడ్‌తో విసిరితే కొస వేగంగా కదిలి లూర్ దూరం పోతుంది, కానీ అదే చేప చేతికి ఎక్కువ బరువుగా తెలుస్తుంది. హైస్కూల్ పిల్లలకు 6.5 నుంచి 7 అడుగులు బాగుంటుంది. పదేళ్ల పిల్లలకు 5.5 అడుగులు చాలు.

మూడు చేపలు ఎందుకు పోయాయి?

ఆ రోజు మావాడు వేసింది క్రాంక్‌బెయిట్. చిన్న చేప ఆకారంలో ఉండి, ముందు ప్లాస్టిక్ మూతి ఉండే లూర్. లాగుతుంటే ఆ మూతి నీటిని తోసి లూర్ కిందికి మునుగుతూ ఊగుతుంది. దీనికి మూడేసి మొనలున్న ట్రెబుల్ హుక్‌లు రెండు ఉంటాయి. సన్నని మొనలు, చేప మూతిలో పైపైన గుచ్చుకుంటాయి. మావాడి రాడ్ హెవీ, ఫాస్ట్. లైన్ చూస్తే అసలు సాగని బ్రెయిడ్. చేప తల విదిలించిన ప్రతిసారీ ఆ కుదుపు మొత్తం ఆ చిన్న మొన మీదే పడి చిల్లు పెద్దదయ్యేది, మొన జారిపోయేది.

తొమ్మిదో తరగతిలో క్రికెట్ ఫీల్డర్ ఉదాహరణ చెబుతాం కదా. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి తీసుకుంటాడు. ద్రవ్యవేగంలో మార్పు అంతే, దానికి పట్టే కాలం పెరిగితే బలం తగ్గుతుంది. అదే కుదుపు 0.02 సెకన్లలో కాకుండా 0.1 సెకన్లలో ఆగితే సగటు బలం అయిదో వంతు అవుతుంది. మోడరేట్ రాడ్ చేసేది ఇదే. సగం దాకా వంగి కాలాన్ని పెంచుతుంది. దానికి కాస్త సాగే నైలాన్ లైన్‌గానీ, 10 - 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్‌గానీ జత చేస్తే సరిపోతుంది. ఇది బోర్డు మీద కాకుండా వాళ్ల గరాజ్‌లో, రాడ్ కొసకు నీళ్ల బాటిల్ వేలాడదీసి చూపించాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే అది నా తప్పు కాదా?" అన్నాడు.

మరి మా బావగారు కొన్న రాడ్ వృథానా? కాదు. టెక్సాస్ రిగ్ అని ఇంకో పద్ధతి ఉంది. ప్లాస్టిక్ వానపాములో ఒకే ఒక లావాటి హుక్‌ని దాచేస్తారు, ముందు బుల్లెట్ ఆకారంలో బరువు ఉంటుంది. మొన బయటికి కనిపించదు కాబట్టి చెట్ల మొద్దుల్లో, గడ్డిలో చిక్కుకోదు. అయితే చేప పట్టినప్పుడు ఆ మొన ప్లాస్టిక్‌నీ దాటాలి, గట్టి దవడనూ దాటాలి. ఇక్కడ కుదుపు కావాలి, అదీ తక్షణం. మీడియం హెవీ, ఫాస్ట్ రాడ్‌తో 15 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లైన్ దీనికి తగింది. ఇక నాచు తెట్టె మీద వేసే రబ్బరు కప్పకు మాత్రం హెవీ రాడ్, 50 నుంచి 65 పౌండ్ల బ్రెయిడ్ ఉండాల్సిందే, ఎందుకంటే చేపతోపాటు గంపెడు నాచునీ లాగాలి. బావగారు కొన్నది సరిగ్గా ఈ పనికి పుట్టిన జత. మన దగ్గర కొర్రమీనుకి రబ్బరు కప్ప వేసేవాళ్లు గట్టి రాడ్, బ్రెయిడ్ పట్టుకోవడం చూసే ఉంటారు, కారణం ఇదే.

మూడు రకాల దారాలు

నైలాన్ ఒంటి పోగు దారం, దాన్నే మోనో అంటారు, చవక, సాగుతుంది, ముడి బాగా పడుతుంది. దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.14 గ్రాములు, కాబట్టి మెల్లగా మునుగుతుంది. ఫ్లోరోకార్బన్ సాంద్రత సుమారు 1.78, త్వరగా మునుగుతుంది, రాళ్లకు రాసుకున్నా ఓర్చుకుంటుంది. బ్రెయిడ్ పాలిథిలీన్ పోగుల జడ. సాంద్రత 0.97, తేలుతుంది. నీటిపైన ఆడే లూర్‌కి ఫ్లోరోకార్బన్ కడితే దారమే మూతిని కిందికి లాగి ఆట చెడగొడుతుంది. ఎందుకో ఎనిమిదో తరగతి పిల్లలైనా చెప్పగలరు.

ఫ్లోరోకార్బన్ నీటిలో కనిపించదని ప్యాకెట్ మీద రాస్తారు. నీటి వక్రీభవన గుణకం 1.33, ఫ్లోరోకార్బన్‌ది 1.42, నైలాన్‌ది దాదాపు 1.53. నీటికి దగ్గరగా ఉంది కాబట్టి కాంతి తక్కువ వంగుతుంది, తక్కువ కనిపిస్తుంది. పూర్తిగా మాయం కావాలంటే రెండూ సమానం కావాలి. ఇది ఇంట్లో చూడొచ్చు. బోరోసిలికేట్ గాజు టెస్ట్‌ట్యూబ్‌లో వంటనూనె నింపి, నూనె ఉన్న గ్లాసులో ముంచండి, మునిగినంత మేర ట్యూబ్ కనిపించకుండా పోతుంది. రెండిటి గుణకమూ 1.47 దగ్గర ఉండటమే కారణం. 1.42కీ 1.33కీ తేడా అలా సున్నా కాదు. అందుకే కనిపించదన్న మాటకోసం కాకుండా, మునగడం, రాపిడికి ఆగడం కోసం ఫ్లోరోకార్బన్ కొనడం మేలని నా అభిప్రాయం.

ఇంకో సంగతి మందం. 30 పౌండ్ల బ్రెయిడ్ ఇంచుమించు 8 పౌండ్ల నైలాన్ అంత సన్నగా ఉంటుంది. సన్నని దారాన్ని నీరు తక్కువ అడ్డుకుంటుంది, క్రాంక్‌బెయిట్ ఇంకా లోతుకు పోతుంది. పౌండ్లు మాత్రమే చూసి కొనేవాళ్లకు ఈ లెక్క తెలియదు.

రీల్ గురించి ఎక్కువ చెప్పను. స్పిన్నింగ్ రీల్‌లో చుట్ట కదలదు, దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. తేలిక లూర్లకీ కొత్తవాళ్లకీ ఇదే. బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో చుట్టే తిరుగుతుంది. లూర్ నెమ్మదించినా చుట్ట జడత్వంతో తిరుగుతూనే ఉంటుంది, బొటనవేలితో ఆపకపోతే దారం పిచ్చుక గూడైపోతుంది. నేను ఒక గంటలో నాలుగు గూళ్లు కట్టాను.

సూట్‌కేసు తూకంతో డ్రాగ్

చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా రీల్ కాస్త వదలాలి. ఆ వదిలే హద్దే డ్రాగ్. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పెట్టడం అలవాటు. 12 పౌండ్ల దారానికి 3 - 4 పౌండ్లు, అంటే ఒకటిన్నర కిలో చిల్లర. ఇండియా వచ్చేటప్పుడు పెట్టెలు తూచే చిన్న వేలాడే తూకం అమెరికాలో మనవాళ్ల ప్రతి ఇంట్లో ఉంటుంది. దారం కొసకు దాన్ని కట్టి మెల్లగా లాగండి, రీల్ జారడం మొదలైన దగ్గర అంకె చూసి మరను సరిచేయండి. మా అక్కే ఈ ఉపాయం చెప్పింది.

ముడి బిగించేముందు తడి చేయాలి, లేకపోతే రాపిడి వేడికి దారం బలం తగ్గుతుంది. బ్రెయిడ్‌కి పాలోమార్ ముడి నేర్పించండి, మామూలు ముళ్లు జారిపోతాయి. ఖాళీ రీల్ మీద నేరుగా బ్రెయిడ్ చుడితే చుట్ట మొత్తం గిర్రున జారుతుంది. అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేస్తే పట్టు దొరుకుతుంది.

ఒకే ఒక్క సెట్ కొనిచ్చేవారికి: 6.5 నుంచి 7 అడుగుల మీడియం, ఫాస్ట్ స్పిన్నింగ్ రాడ్, 10 నుంచి 15 పౌండ్ల బ్రెయిడ్, చివర ఆరేడు అడుగులు 8 - 10 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్. దీంతో చాలా లూర్లు ఓ మాదిరిగా ఆడతాయి. టెక్సాస్‌లో అయితే కొన్ని స్టేట్ పార్కుల్లో పిల్లలకు రాడ్‌లు ఊరికే వాడుకోవడానికి ఇస్తారు. ఆసక్తి నిలుస్తుందో లేదో చూసి కొనొచ్చు.

కొన్ని విషయాల్లో మాత్రం బేరం లేదు. ట్రెబుల్ హుక్ విసిరేటప్పుడు కళ్లద్దాలు ఉండాలి, వెనక ఎవరున్నారో చూడాలి. పడవలో లైఫ్ జాకెట్ తీయకూడదు. రాడ్‌లలో చాలావరకు కార్బన్ ఉంటుంది, కార్బన్‌లో కరెంటు పారుతుంది. కరెంటు తీగల కింద విసరకూడదు, ఉరుము వినగానే రాడ్ కింద పెట్టి ఒడ్డుకి, కారులోకి. తెగిన దారం నీటిలో వదిలేస్తే పక్షుల కాళ్లకు ఉరి అవుతుంది, జేబులో పెట్టుకుని తెచ్చేయాలి. చేపను తిరిగి వదిలేటట్టయితే తడి చేతులతోనే పట్టుకోవాలి.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు శనివారం మళ్లీ వెళ్లాం. టీమ్‌లో ఒక అబ్బాయి దగ్గర మోడరేట్ రాడ్ అడిగి తెచ్చుకున్నాడు మావాడు. అయిదు చేపలు లూర్‌ని అందుకున్నాయి, నాలుగు పడవలోకి వచ్చాయి. ఒకటి మళ్లీ పోయింది, ఎందుకో నాకూ తెలియలేదు. అన్నిటినీ కొలిచి వదిలేశాడు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు ఫిషింగ్ లైసెన్స్ అక్కర్లేదు, పెద్దవాళ్లకు కావాలి. ఆ రాత్రి బావగారు భోజనాల దగ్గర ఫోన్ పట్టుకుని ఏదో నింపుతుంటే బిల్లులు కడుతున్నారేమో అనుకున్నాం. తన పేరు మీద లైసెన్స్ తీసుకుంటున్నారు.